గ్రామ రంగస్థలమునకు క్రొత్త నాటకములు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మిరప కాయలు కల్లములలో ఎండుచుండగా, పత్తి చివరి తీత సాగుచుండగా మన పల్లెలలో తిరునాళ్ళ ఋతువు వచ్చును. మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభలు మొదలుకొని శ్రీరామనవమి పందిళ్ళ వరకు ఏదో ఒక గ్రామమున రాత్రివేళ దీపములు వెలుగుచునే యుండును. ఆ రాత్రులలో వేదికపై ఏమి ఆడించవలెనను ప్రశ్న తిరిగి తిరిగి మీ యొద్దకే వచ్చును. చందాల పుస్తకము మీ ఇండ్లలోనే యుండును. మరునాడు తగవు వచ్చినచో తీర్చవలసినవారును మీరే. అందుచేత రోడ్లు, మురుగు కాల్వలు, మంచినీటి పథకములను కొంతసేపు ప్రక్కకు పెట్టి, నాటకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మీ అనుమతి కోరుచున్నాను.

ఇది పంచాయతీ పనియేనా యని కొందరు అడుగుదురు. పనియే. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో ఇరువదియవది గ్రంథాలయములు; ఇరువదియొకటవది సాంస్కృతిక కార్యకలాపములు. వ్యవసాయము, చిన్న నీటిపారుదల ఉన్న పట్టికలోనే నాటకమునకును చోటు దొరకినది. ఆ పంక్తిని చదువక విడిచినవారు చాలమంది యున్నారు. చాలకాలము వరకు నేనును ఆ జాబితాలోని వాడనే.

మనది నాటకమునకు పరాయి నేల కాదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టినది. స్త్రీ పాత్రలకు ప్రాణము పోసి 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు బాపట్ల వారు. తెనాలి వారైన కొడాలి గోపాలరావు వందకు పైగా నాటకములు వ్రాసి, ‘పేదరైతు’ వంటి వానితో పల్లె యువకులకు వేషము కట్టుట నేర్పినారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన ‘మాభూమి’ని ప్రజానాట్యమండలి దళములు ఊరూర ప్రదర్శింపగా, నాటి మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. ప్రభుత్వోద్యోగినైన నేను ఈ మాట చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నాటకము వట్టి కాలక్షేపమేయైనచో ఏ ప్రభుత్వమును దానిని చూచి ఉలికిపడదు గదా!

మన పల్లెలకు పద్యనాటకముపై మక్కువ ఎక్కువ. హరిశ్చంద్రుని కాటిసీనునకు తెల్లవారుజాము వరకు కూర్చుండువారు నేటికిని ఉన్నారు. రాగము సాగినప్పుడు ‘వన్స్ మోర్’ అని కేకవేసినవారిలో నేనును ఉన్నాను. దానిని మానుడని నేను చెప్పుట లేదు. కాని ‘చింతామణి’ విషయమున జరిగినది చూడుడు. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వమును ఖండించుటకు వ్రాసిన సంస్కరణ నాటకము అది. కాలక్రమమున రచయిత వ్రాయని బూతులు, హాస్యోక్తులు అందులో చేరినవి. సుబ్బిశెట్టి పాత్రను ఒక కులమువారిని వెక్కిరించుటకు వాడుకొనిరి. తుదకు 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించినది. ఆ నిర్ణయమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. వాని జోలికి నేను పోను. నేను చెప్పదలచినది ఇంతే: వేదికపై పలుకు మాటకు దానిని పిలిపించిన ఊరు కూడ బాధ్యత వహింపవలెను. పిలుచుటకు ముందు ప్రతిని తెప్పించి చదువుడు. సమితికి బయానా ఇచ్చి, ఏమి ఆడుదురో తెలియక కూర్చుండుట మనకు అలవాటైపోయినది.

ఈ సందర్భమున నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. పురుగుమందులను జాగ్రత్తగా వాడవలెనని బోధించు నాటికను ఒకదానిని నేను గ్రామములకు తీసికొని వెళ్ళితిని. సదుద్దేశముతో వ్రాసినదే. అందులో ఏమియు తెలియనివాడొకడు, అన్నియు తెలిసినవాడొకడు. రెండవవాడు మొదటివానికి అరగంట ఉపన్యాసమిచ్చును. మిరప పండించు ఒక గ్రామమున దానిని ఆడించుచుండగా, అన్నియు తెలిసిన ఆ పాత్రధారి స్ప్రేయరు వీపునకు తగిలించుకొని మందు కొట్టుట చూపుచుండెను. ముందు వరుసలోని ముసలి రైతు ఒకరు లేచి, “ఎదురుగాలికి కొడతన్నావేందయ్యా, నీ మొహానే పడుద్ది!” అని కేకవేసిరి. వెనుక తెర ఎటు ఊగుచున్నదో ఆయన చూచినారు, మేము చూడలేదు. పందిరియంతయు నవ్వినది. ఆ తరువాత మా పాత్రధారి చెప్పిన జాగ్రత్తలలో ఒక్కటియు ఎవరికిని వినబడలేదు. ఆ రాత్రి నుండి బోధించు నాటికను సిఫారసు చేయుటకు నాకు నోరు రాదు. పొలము పని తెలిసినవాడు వ్రాసినది, మన మాటలో మన కష్టమును చెప్పునది కావలెను. అట్టివి లేవా? కావలసినన్ని కలవు. మన జిల్లాలవారే వ్రాసినవి కలవు.

మొదట చెప్పవలసినది పాటిబండ్ల ఆనందరావు రచించిన ‘పడమటి గాలి’. ఒంగోలు ప్రాంతపు పలుకుబడిలో నడచు నాటకమిది. వ్యాపార బుద్ధి, క్రొత్త ఆశలు పల్లెలోనికి వచ్చి, సేద్యమును, కుటుంబమును, ఇరుగుపొరుగు సంబంధములను ఎట్లు మార్చుచున్నవో ఇందు చూడవచ్చును. పడమటి గాలి యనగా మనకు వేరే వ్యాఖ్యానము అవసరము లేదు. వేసవిలో ఆ గాలి వీచిన దినమున చెట్టు ఆకు ఎట్లు వాడునో ఎరిగిన ప్రేక్షకునకు పేరుతోనే సగము కథ తెలియును. పెద్ద నాటకము, పాత్రలు ఎక్కువ, ఖర్చును ఎక్కువే. ఒక్క పంచాయతీ భరింపలేనిచో ఇరుగుపొరుగు గ్రామములు నాలుగు కలిసి పిలువవచ్చును. దీనిని చూచునప్పుడు మన నల్లరేగడి నేలలలోని పెద్దలకు 1987-88 జ్ఞాపకమునకు రాక మానదు. తెల్లదోమ పత్తిని పీల్చివేయగా, ఎన్ని మందులు కొట్టినను అది లొంగకపోగా, అప్పుల పాలైన రైతులు ఈ రెండు జిల్లాలలోను ప్రాణములు తీసికొనిరి. ఆ మందు డబ్బాలు అప్పిచ్చిన దుకాణమునుండియే వచ్చినవి. ఆ సంవత్సరములను గూర్చి మన ఊళ్ళలో నేటికిని ఎవరును పెదవి విప్పి మాటలాడరు. నాటకము ముందు కూర్చున్నప్పుడు మాత్రము ప్రక్కవానితో మెల్లగా మాటలాడుదురు.

ఒంగోలులో స్థిరపడి 2017లో మరణించిన ఎం.వి.ఎస్. హరనాథరావును సినిమా మాటల రచయితగా మీరు ఎరుగుదురు. ‘ప్రతిఘటన’ సంభాషణలు ఆయనవే. అంతకు ముందే ఆయన నాటక రచయిత. ‘జగన్నాథ రథచక్రాలు’, ‘క్షీరసాగర మథనం’, ‘కన్యావరశుల్కం’ ఆయన రచనలలో ముఖ్యమైనవి. చివరి దాని పేరు వినగానే గురజాడ గుర్తునకు వచ్చును. నాడు పిల్లకు వెల కట్టినారు. తరువాత పిల్లవానికి కట్టుచున్నారు. మన మైదానములో ఎకరాల లెక్కన కట్నము మాటలాడుకొను ఇండ్లు ఎన్ని యున్నవో మీకు నేను చెప్పనక్కరలేదు.

గొల్లపూడి మారుతీరావు ‘కళ్ళు’ మన జిల్లాలది కాదు. అయినను పంచాయతీ సభ్యులు దానిని ప్రత్యేకముగా చూడవలెనని నా కోరిక. బిచ్చమెత్తుకొను గుడ్డివారు కొందరు కూడబెట్టి తమలో ఒకనికి చూపు తెప్పింతురు. చూపు వచ్చినవాడు తక్కినవారిని ఏమి చేసెనన్నదే నాటకము. ఎన్నికలలో గెలిచిన సంవత్సరముననే దీనిని ఆడించుట మంచిది. (నవ్వులు.) గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’ కూడ పాతబడినదని తోచవచ్చును, కాని ఆ కోరిక పాతబడలేదు. గుంటూరు వారైన వల్లూరు శివప్రసాద్ మొదలగువారు నేటి కుటుంబములను గూర్చి చక్కని నాటికలు వ్రాసినారు, వ్రాయుచున్నారు.

ప్రదర్శించువారు ఎక్కడనో లేరు. కొలకలూరు శ్రీ సాయి ఆర్ట్స్, పెదకాకాని గంగోత్రి, కట్రపాడు ఉషోదయ కళానికేతన్ — పేర్లలోనే ఊళ్ళున్నవి. ఈ సమితులవారు పరిషత్తు పోటీలలో బహుమతులు గెలిచినవారు. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవములు గుంటూరులోనే, శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరమున జరిగినవి. వచ్చిన చిక్కేమనగా, ఈ నాటికలు న్యాయనిర్ణేతల ముందు, తోటి నటుల ముందు ఆడి, బహుమతి పొంది, పెట్టెలోనికి పోవుచున్నవి. రైతును గూర్చి వ్రాసిన నాటికను రైతు తప్ప తక్కినవారందరును చూచుచున్నారు! అటు పల్లెలో వేదిక యున్నది, దీపములున్నవి, వేలకొలది జనమున్నారు. అక్కడ రికార్డింగు డాన్సు జరుగుచున్నది. తొమ్మిది గంటలకు ఆడవారు పిల్లలను తీసికొని ఇండ్లకు పోవుదురు. మన రాష్ట్రమున స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలవి. తమ ఊరి ఉత్సవమున రాత్రి పది గంటల వరకు తాము కూర్చుండదగిన కార్యక్రమము కావలెనని కోరు హక్కు ఆ సభ్యురాండ్రకు లేదా?

2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను ఊడ్చివేసిన సంగతి మీరెవరును మరువలేదు. ఆ వేసవిలో ఒక గ్రామమున తిరునాళ్ళకు చిన్న నాటిక నొకదానిని ఆడించిరి. ఇంటి యజమాని అప్పు సంగతి భార్యకు చెప్పక దాచును. కాగితములు గాదె క్రింద దొరకును. తరువాత ఇంటిలో జరిగినదే కథ. మందును లేదు, బోధయు లేదు. మరునాటి ఉదయము నటులు సామాను వ్యానులోనికి ఎక్కించుచుండగా ఒక కౌలురైతు వచ్చి, వార్డు సభ్యురాలితో, “రాత్రి ఆయన దాచినట్టే నేనూ దాచానమ్మా. మా ఇంట్లో తెలవదు” అనినాడు. మూడెకరముల మిరప. ముందుగా చెల్లించిన కౌలు, దుకాణములో అప్పు, చేబదులు అన్నియు కలిపి ఆయన చెప్పిన అంకెను ఆమె రెండుమారులు అడిగి తెలిసికొనెను. 2019 చట్టము క్రింద ఇచ్చు పంట సాగుదారు హక్కు పత్రము ఆయనకు లేదు. భూమి గలవారు సంతకము పెట్టలేదు. అందుచేత బ్యాంకు అప్పు పుట్టలేదు. ఆమె ఆనాడే ఆయన భార్యను పిలిపించి ముగ్గురును కూర్చుండిరి. తరువాత ఊరి పెద్దలు దుకాణదారునితో మాటలాడి వాయిదాలు కట్టించిరి. నాటిక వలన ఆ అప్పు తీరినదని నేను చెప్పను; తీరలేదు. కాని అది ఇంటిలో అందరికిని తెలిసిన అప్పు అయినది. ఆ గ్రామమున అంతకు ముందు రైతు సదస్సులు రెండు జరిగినవి. రెండింటిలోను ఆయన వెనుక వరుసలో కూర్చుండి, సంతకము పెట్టి, టీ త్రాగి వెళ్ళినాడు. ఆ రెండు సదస్సులలోను మాటలాడినవాడను నేనే.

ఇక ఏర్పాట్లను గూర్చి కొన్ని మాటలు. నాటికకు సుమారు గంట పట్టును. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి పది దాటిన పిమ్మట లౌడు స్పీకరు పనికిరాదు. పండుగలకు సంవత్సరమునకు 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వము సడలింపు ఇయ్యవచ్చును. దానిని నమ్ముకొనుట కంటె ఏడున్నరకు ఆరంభించి రెండు నాటికలు ఆడించుట మేలు. మీ ఊరి యువకులే ఆడదలచినచో రచయిత అనుమతి వ్రాతమూలకముగా తీసికొనుడు. నాటకముపై హక్కు రచయిత జీవితకాలము, ఆ తరువాత 60 సంవత్సరములు ఆయనకు, ఆయన వారసులకు ఉండును. అడిగినచో కాదనువారు అరుదు. అడుగకుండ ఆడించినప్పుడే నొచ్చుకొందురు.

ప్రభపై కట్టిన వేదిక నాటికకు చాలదు, ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. పాఠశాల ఆవరణ మంచిది. తెర వెనుక నటీమణులకు తలుపున్న గది ఒకటి తప్పక చూపుడు. తెనాలి నుండియో విజయవాడ నుండియో వచ్చి, ఆటయైన వెంటనే మరియొక ఊరికి పోవలసిన స్త్రీలు వారు. పైకము ఆట ముగిసిన పిదప లెక్కబెట్టుటకు కూర్చుండక, రంగు పూసికొనుటకు ముందే చేతికి ఇయ్యుడు. ముందు వరుస కుర్చీలు మన కొరకు వేసికొనక, అక్కడ చాపలు పరచి ఆడవారిని, పిల్లలను కూర్చుండబెట్టుడు. మనము వెనుక నిలువబడి చూతము. మరునాటి ఉదయము సమితివారిని ఫలహారమునకు ఆపుడు. వ్యాను కదలుటకు ముందు వారియొద్దకు వచ్చి మాటలాడువారు ఎవరో ఒకరు ఉందురు. ఆ సమయమున వార్డు సభ్యులు ఒకరు అక్కడ ఉండునట్లు చూచుకొనుడు.