బదిలీ ఉత్తర్వు వచ్చేదాకా

నైజీరియాలో 30 ఏళ్లలోపు డిగ్రీ పూర్తిచేసినవారికి ఏడాది పాటు దేశసేవ తప్పనిసరి. అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1973లో, జనరల్ యాకుబు గోవన్ ప్రభుత్వం ఈ పథకం తెచ్చింది. దక్షిణాది పిల్లలు ఉత్తరాదికీ, ఉత్తరాది పిల్లలు దక్షిణాదికీ వెళ్లి ఒకరినొకరు తెలుసుకోవాలన్నది ఆశయం. గొప్ప ఆశయమే. కానీ భర్త లాగోస్‌లో ఉంటే భార్యకు ఎక్కడో ఉత్తరాన సొకోటోలో పోస్టింగ్ పడితే?

అందుకే పెళ్లి, అనారోగ్యం, భద్రత వంటి కారణాల మీద బదిలీ అడగవచ్చు. చాలామంది మూడు వారాల శిక్షణ శిబిరంలోనే దరఖాస్తు పెట్టేస్తారు. శిబిరం ముగుస్తుంది. ఖాకీ బట్టలు, బూట్లు సంచిలోకి చేరతాయి. ఫోనులో మాత్రం ‘పెండింగ్’ అన్న మాట కదలదు.

బదిలీ ఎలాగూ వస్తుందిలే అని ఇంటికి బస్సెక్కేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకూడదు. ఉత్తర్వు వచ్చేదాకా మొదట వేసిన చోటే పనిలో చేరాలి. నెలనెలా హాజరు నమోదు కాకపోతే భత్యం ఆగుతుంది. చెప్పకుండా మాయమైతే సేవాకాలమే పొడిగిస్తారు. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్టు లేనిదే అక్కడ మంచి ఉద్యోగం దొరకడం కష్టం.

ఆలస్యమైనప్పుడు ముందు కాగితాలు మళ్లీ చూసుకోవాలి. పెళ్లి పత్రంలో ఒక ఇంటిపేరు, డిగ్రీ పట్టాలో మరో ఇంటిపేరు ఉందా? వైద్య నివేదిక స్పష్టంగా ఉందా? అన్నీ సరిగ్గా ఉంటే, నకళ్లు తీసుకుని పథకం స్థానిక అధికారిని స్వయంగా కలవాలి. డబ్బిస్తే చేయిస్తామనే దళారులకు ఒక్క నైరా కూడా ఇవ్వకూడదు.