బిందె మీద పేరు



హైదరాబాదు పాతబస్తీలో నాకు చిన్న పాత సామాన్ల దుకాణం ఉంది. గంగాళాలు, మరచెంబులు, బిందెలు కొని అమ్ముతాను. వందేళ్లు దాటిన విగ్రహాల జోలికి పోను. 1972 చట్టం ప్రకారం ఆ వ్యాపారానికి లైసెన్సు ఉండాలి.

ఒకరోజు ఒకాయన ఆరు ఇత్తడి బిందెలు తెచ్చాడు. తూకం వెయ్యబోతే అంచు మీద ఆడమనిషి పేరు కనిపించింది.

"మా ఆవిడదే, పుట్టింటివాళ్లు పెట్టారు" అన్నాడు.

"అయితే ఆమెను తీసుకురండి" అన్నాను.

మళ్లీ రాలేదు. ఆ నెల దుకాణం అద్దెకు అప్పు చేశాను.

పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీ సొంతమేనని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను చెబుతోంది. బిందె మీద కూతురి పేరు కొట్టించిన తల్లికి ఆ సెక్షను తెలియకపోవచ్చు. కానీ హక్కును ఇత్తడి మీదే రాసిచ్చింది. అది చదవాల్సింది మనమే.