ఆ ఆర్డర్ ఆఖరి మాట కాదు



ఎప్పుడూ భూమి గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ పిల్లల గురించి మాట్లాడతా. గూడెంలో ఒక బిడ్డను అధికారులు తీసుకెళ్లి హోంలో పెట్టారనుకోండి. తల్లి ఏమంటది? "సార్లు ఆర్డర్ రాసిన్రు, ఇగ మనమేం చేస్తం" అంటది. మనం అక్కడే ఆగిపోతున్నాం.

ఆ ఆర్డర్ ఇచ్చేది జిల్లాలోని బాలల సంక్షేమ సమితి, సీడబ్ల్యూసీ. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు వాళ్లకు ఉంటాయి. అంత అధికారం ఇచ్చిన 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే దానికి హద్దు కూడా పెట్టింది. మూడో సెక్షన్ చదవండి. బిడ్డ బాధ్యత మొదట కుటుంబానిదే. హోంలో పెట్టడం చిట్టచివరి మార్గం. నిర్ణయం ముందు వాదన వినాలి, ఆ నిర్ణయాన్ని సమీక్షించమని అడిగే హక్కు ఉండాలి. ఇవన్నీ అందులోనే ఉన్నాయి.

అడగడం ఎలా? 101వ సెక్షన్ ప్రకారం ఆర్డర్ వల్ల నష్టపోయిన ఎవరైనా 30 రోజుల్లోపు చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు వేయొచ్చు. ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ విషయమైతే కలెక్టర్ దగ్గర వేయాలి. గడువు దాటినా, తగిన కారణం ఉందని నమ్మితే అప్పీలు తీసుకోవచ్చు. వాగు పొంగి దారి తెగిందా? ఆర్డర్ కాపీ చేతికి ఇవ్వలేదా? ఆ సంగతి తేదీలతో రాయండి. అక్కడ ఓడితే రెండో అప్పీలు లేదు. కానీ 102వ సెక్షన్ కింద హైకోర్టు రికార్డు తెప్పించుకుని ఆ ఆర్డర్ చట్టప్రకారం ఉందో లేదో చూడొచ్చు.

అప్పీలులో ఏం పట్టుకోవాలి? విచారణ రిపోర్టు. సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలని చట్టం చెప్తుంది. రిపోర్టు రాసినాయన గూడేనికి వచ్చాడా? కోయ, గోండి, కొలామి తప్ప రాని అవ్వతో ఎవరి సాయంతో మాట్లాడాడు? మేనమామ, పెద్దమ్మ సాకుతామంటే ఆ మాట రాశాడా? పేదరికం వేరు, బిడ్డను పట్టించుకోకపోవడం వేరు. ఆ తేడా కోర్టుకు చూపించాల్సింది మనమే.

ఇంకో మాట గట్టిగా చెప్తా. మన ఇళ్లలోనూ పిల్లల మీద హింస ఉంది, బాల్యవివాహాలు ఉన్నాయి. అట్లాంటి ఇంటికే బిడ్డను తిరిగి పంపితే, ఆ ఆర్డర్‌నూ ప్రశ్నించాలి. మన వాళ్లని గెలిపించడం కోసం కాదు ఈ దారి, బిడ్డ మేలు కోసం.

లాయర్‌కు డబ్బులెక్కడివి అంటారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి.

చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయనీయకండి. బిడ్డను అప్పగిస్తున్నామని సంతకం పెట్టినా, మనసు మార్చుకోవడానికి తల్లిదండ్రులకు రెండు నెలల గడువుంది. అది దాటితే దత్తతకు దారి తెరుచుకుంటుంది.

ప్రతి గూడెంలో చదువుకున్న ఇద్దరు ఈ పని మీదేసుకోండి. ఆర్డర్ వచ్చిన రోజే కాపీ అడగండి, తేదీ రాసుకోండి. ముప్పై రోజులు తొందరగా అయిపోతాయి.