కళాశాల విద్యార్థి – ఖగోళ విద్య
(కలమల్ల గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



పల్లెనుండి చిన్న కళాశాలకు పోయి గణితమో, భౌతికశాస్త్రమో చదువు విద్యార్థికి ఆకాశముపై మనసు పోవుట కలదు. అప్పుడు ఇంట రెండు మాటలు వినబడును. ఆ చదువు కూడు పెట్టునా యనునది మొదటిది. పెద్ద దూరదర్శినులు లేనిచోట ఆ విద్య యెట్లు అబ్బు ననునది రెండవది.

మొదటిమాట తల్లిదండ్రుల కష్టమునుండి పుట్టినది, తేలికగా త్రోసివేయరాదు. అయితే ఖగోళమునకు గణిత భౌతికశాస్త్రములే పునాది. పట్టభద్రుడగువరకు వానిని శ్రద్ధతో చదివినవాడు ఉపాధ్యాయుడైనను కావచ్చును, మరియొక కొలువున చేరవచ్చును. ఆకాశమునే నమ్ముకొనదలచిన, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1959లోనే ఖగోళశాస్త్ర శాఖను నెలకొల్పి మన ప్రాంతమున ఆ త్రోవ తీసినది.

రెండవమాటకు హైదరాబాదున పెరిగిన వైను బప్పు జీవితమే సమాధానము. ఆయన 1927లో జన్మించెను. తండ్రి నిజామియా వేధశాలలో చిన్న ఉద్యోగి. కుమారుడు నిజాం కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచు, కాంతి హెచ్చుతగ్గులగు చరతారలను రాత్రులందు పరిశీలించి, విద్యార్థి దశయందే వ్యాసములు ప్రకటించెను. ఆ అభ్యాసమే ఆయనను అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేర్చెను. అచట 1949లో ఆయన కనుగొన్న తోకచుక్క నేటికిని ఆయన పేరును, మరి యిద్దరి పేరులను ధరించియున్నది. 1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను.

చరతారల పరిశీలన యనగా నేమి? ఒక తారను, చుట్టునున్న మార్పు లేని తారలతో పోల్చి, దీనికన్న హెచ్చు, దానికన్న తగ్గు అని నిర్ణయించి, తేదీయు గంటయు వ్రాసికొనుట. దీనికి ఓపిక కావలెను. ధనము అంతగా అక్కరలేదు.

రైతులెల్లరెరిగిన ఆరుద్రయే చరతార! ఆరుద్ర కార్తెలో సూర్యుడు దాని చెంత నుండుటచే అది కానరాదు. మాఘమాసపు రాత్రులలో, మూడు చుక్కలు వరుసగా నున్న మండలమున, ఆ వరుసకు ఉత్తరముగా ఎఱ్ఱగా వెలుగును. 2019 చివరనుండి 2020 ఫిబ్రవరి వరకు దాని కాంతి క్రమముగా క్షీణించి, సుమారు మూడవ వంతునకు దిగెను. ప్రక్కనున్న రోహిణితో పోల్చినవారికి ఆ మార్పు వట్టి కంటికే తెలిసినది. ఆ తార వెడలగ్రక్కిన వాయువు చల్లబడి, ధూళియై, వెలుగున కడ్డుపడెనని 2021లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి.

వంగదేశమున జెస్సోరు ఖజానాలో చిన్న ఉద్యోగియైన రాధాగోవింద చంద్ర ప్రవేశపరీక్షలో ముమ్మారు తప్పినవాడు. అయినను రాత్రులు మేల్కొని, 37,000కు పైగా పరిశీలనలను అమెరికాలోని చరతారల పరిశీలకుల సంఘమునకు పంపెను. ఆ సంఘము ఆయనకు ఒక దూరదర్శినిని పంపి గౌరవించెను. ఆయన వృద్ధుడైన పిదప అదియే వైను బప్పుకు చేరెను. పట్టము లేని గుమాస్తా చేతినుండి పండితుని చేతికి ఒకే సాధనము సాగినది!

మన గ్రామ చెన్నకేశవాలయ ప్రాంగణమున దొరకిన రేనాటి చోళుల శాసనము సుమారు 575 నాటిదనియు, తెలుగు శాసనములలో మొదటిదనియు పండితులందురు. ఎవరో ఆనాడు వ్రాసి నిలిపిరి గనుకనే ఈనాడు అది తెలియుచున్నది. ఆకాశమును చూచుటయందును అంతియే. చూచి మరచిన మెరపు ఎవరికిని ఉపకరింపదు. తేదీతో వ్రాసిన ఒక్క పంక్తి ఉపకరించును.

కావున ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమున ఒక గట్టి అట్ట పుస్తకము ఉంచదగును. సంక్రాంతి సెలవులకు వచ్చు కళాశాల విద్యార్థులు, దీపకాంతి సోకని పొలముగట్లకు పోయి ఆరుద్రను రోహిణితో పోల్చి, మరునాడు అందు వ్రాయవలెను. తప్పిపోయిన రాత్రికి ఖాళీ ఉంచవలెనే కాని ఊహించి నింపరాదు. పదియేండ్లు నిండునప్పటికి అది విలువగల గ్రంథమగును. వ్రాసినవారిలో ఒక్కడు ఆ విద్యకే అంకితుడైనను, ఈ గ్రంథాలయ స్థాపన సార్థకమగును.