తరగతిగదియు, చెఱువుగట్టును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. నేను ముప్పదియైదేండ్లు తెలుగుపండితుడనై పాఠశాలలలో పనిచేసి, 2020 లో విశ్రాంతి గొన్నవాడను. విద్యామహిమను వర్ణించు శ్లోకములకు నాకు కొఱత లేదు. అవి మీకు క్రొత్తవియు గావు. కావున నేడు వానిని ప్రక్కనుంచి, నా కడపటి ఉద్యోగవత్సరమున, అనగా 2019 జూన్ మొదలు 2020 మార్చి వఱకు, ఒక బాలుడు తరగతిగదిలో నేమి నేర్చెనో, వెలుపల నేమి నేర్చెనో, నాకేమి నేర్పెనో విన్నవింతును. చివర మన విద్యానిధినిగూర్చి యొక మనవి కలదు.

మా పాఠశాల సూళ్లూరుపేట ప్రాంతమున నుండెను. ఆ ప్రాంతము అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 2022 లో తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట, ఉత్తరమున నేలపట్టు పక్షిరక్షణకేంద్రము కలవు. ఈ బాలుడు నేలపట్టు చెఱువు పరిసరములందలి యొక పల్లెవాడు. తండ్రి వ్యవసాయకూలి. సెలవుదినములందు బాలుడు ఎనుములను గాచెడివాడు. తొమ్మిదవ తరగతిలో చివరి బల్లపై గూర్చుండెడివాడు. అతని వ్రాతలో తప్పులు మెండు. వానిని మందబుద్ధి యని నేను నిర్ణయించుకొంటిని.

జూలై నెలలో నొకనాడు పాఠమధ్యమున మేఘసందేశప్రసక్తి వచ్చెను. అందలి నిచుళశబ్దమును జెప్పి, దానియందు మల్లినాథసూరి యొక కవిపేరునుగూడ సూచించెనని వివరించి, అమరకోశమున నిచుళమునకు హిజ్జలమను పర్యాయపదము కలదని విద్యార్థులచే వల్లింపజేసితిని. అంతట చివరి బల్లనుండి ఈ బాలుడు లేచి, “అయ్యవారూ, ఆ చెట్టు ఎట్లుండును?” అని యడిగెను. నీటియొడ్డున పెరుగు చెట్టంటిని. “పూలెట్లుండును?” అనెను. ఎఱ్ఱనివని ఎక్కడనో చదివినట్లు చెప్పితిని. “అట్లయిన అది మా చెఱువులోని కడపచెట్టు గదా! ఎఱ్ఱని పూలు దండలవలె వ్రేలాడును, రాత్రి విచ్చి తెల్లవాఱుసరికి నీళ్లపై రాలును” అనెను. కాళిదాసు చెప్పిన చెట్టు నీ ఎనుములు పొరలు చెఱువులో నుండునా యని నేను పరిహసించితిని. తరగతి యంతయు నవ్వెను. బాలుడు తలవంచుకొని కూర్చుండెను. మఱల రెండు నెలలు నా పాఠమున నోరు విప్పలేదు.

ఆ జూలై 22 వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు శ్రీహరికోటనుండి చంద్రయాన్-2 బయలుదేఱెను. పిల్లలందఱును ఆటస్థలమున నిలిచి చూచిరి. మొదట వెలుగు కనబడెను. గర్జన చాలసేపటికి గాని వినబడలేదు. ఆ నడుమ కాలమును ఈ బాలుడు వ్రేళ్లపై లెక్కించుచుండెను. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును గావున, 20 కిలోమీటర్ల దూరమునకు నిమిషము పట్టునని భౌతికశాస్త్రోపాధ్యాయులు వివరించిరి. పుస్తకములోని సూత్రము ఆకాశమునందు దిగివచ్చినట్లు పిల్లల కన్నులు వికసించినవి.

సెప్టెంబరు 7 వ తేదీ తెల్లవాఱకమునుపు చంద్రునిపై దిగవలసిన విక్రమ్ తో సంబంధము తెగిపోయెను. ఆ దినమున పాఠశాల చిన్నబోయెను. చంద్రుని చుట్టు తిరుగు భాగము చెడలేదనియు, తప్పు ఎక్కడ జరిగెనో వెదకి మఱల యత్నింతురనియు శాస్త్రోపాధ్యాయులు పిల్లలకు ధైర్యము చెప్పిరి. అట్లే 2023 ఆగష్టు 23 న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువప్రాంతమున కుదురుగా దిగినది. కాని ఆనాడు ఆ మాట వినుచుండగా నాకు నా తప్పు జ్ఞప్తికి వచ్చెను. అంతంత పెద్దలు లోకమునెదుట తమ వైఫల్యమును ఒప్పుకొనగా, నేను ఒక బాలుని ప్రశ్నను పరీక్షింపనైన పరీక్షింపక త్రోసివేసితిని గదా!

ఆ రాత్రి నిఘంటువులను, వృక్షశాస్త్రగ్రంథములను ముందుంచుకొని చూచితిని. హిజ్జలమును, కడపచెట్టును ఒక్కటియే! ముప్పదియైదేండ్లు నేను నిచుళమును వల్లించితిని, ఒక్కనాడును చూడలేదు. ఆ బాలుడు దినదినమును చూచినాడు. దాని సంస్కృతనామమును మాత్రము వినలేదు. సోమవారమున తరగతిలో నిలిచి, “వీడు చెప్పినది నిజము, నేను నవ్వినది తప్పు” అని చెప్పితిని. ఈసారి ఎవ్వరును నవ్వలేదు.

నవంబరులో నొక ఆదివారము, ఉపాధ్యాయులము తలకొంత చందా వేసికొని, పిల్లలను నేలపట్టునకు గొనిపోయితిమి. కొందఱు తండ్రులు, “చదువు చెడగొట్టుటకా ఈ షికారు?” అని పంపలేదు. వారిలో మనవారును కలరు. ఆనాటి గురువు ఆ బాలుడే. గట్టుపై నడచునపుడు బిగ్గఱగా మాటలాడరాదని ముందే హెచ్చరించెను. నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతుల గూళ్లను జూపెను. చుట్టును నీరుండుటచే నక్కలు, పిల్లులు గూళ్లకడకు రాజాలవనెను. తల్లిదండ్రులు రెండును వంతులవారీగా సుమారు 30 దినములు గ్రుడ్లను పొదుగుననియు, పులికాటుకు బోయి చేపలను దెచ్చి, పిల్లలచేత తమ ముక్కుసంచినుండి తినిపించుననియు చెప్పెను. పక్షుల రెట్ట నీటిలో గలిసి పొలములకు ఎరువగుననియు, అందుచే పల్లెవారు వానిని తఱుమరనియు చెప్పెను. అంతలో వాన కురిసెను. గట్టు జాఱి యొక విద్యార్థి మోకాలిలోతు బురదలో దిగబడగా, ఈ బాలుడు నేలపై బోరగిల పండుకొని తన తువ్వాలు అందించి పైకి లాగెను. నేను గొడుగు పట్టుకొని చూచుచు నిలిచితిని. ఏమి చేయవలెనో నాకు తోచలేదు.

ఆనాటినుండి బాలుడొక నోటుపుస్తకము పెట్టెను. జనవరిలో పులికాటుమీది బాటను పోయినపుడు, నీరు ఉప్పగా నేల యుండునని యడిగి, సరస్సు ముఖద్వారములగుండ సముద్రజలము లోనికి వచ్చుననియు, ఏళ్లనుండి మంచినీరు వచ్చి చేరుననియు తెలిసికొని వ్రాసికొనెను. ఫ్లెమింగోలు తల క్రిందుచేసి, వంకరముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి మేయుట చూచి బొమ్మ గీసెను. విచిత్రమేమనగా, చూచినది వ్రాయవలెనను ఆశచే వాని వ్రాతలోని తప్పులు తమంతట తగ్గుచు వచ్చినవి.

2020 మార్చిలో మహమ్మారిచే పాఠశాలలు మూతపడెను. ఆ యేడు తొమ్మిదవ తరగతికి వార్షికపరీక్ష జరుగలేదు. అందఱును పై తరగతికి పంపబడిరి. పాఠశాల మఱల నవంబరు 2 వ తేదీకి గాని తెఱవలేదు. ఈలోగా తండ్రి బాలుని కూలికి పంపదలచెను. నేను వారి యింటికి బోయితిని. “అయ్యవారూ, పరీక్షే లేదు, వీడేమి నేర్చినాడని చదివించమందురు?” అని ఆయన యడిగెను. బాలుడు లోనికిబోయి నోటుపుస్తకము దెచ్చి తండ్రి చేతిలో నుంచెను. ఆయనకు అక్షరములు రావు. కాని బొమ్మలను జూచి ఒక్కొక్క పిట్టను, ఒక్కొక్క చెట్టును పేరుపెట్టి పిలిచెను. పుస్తకము మూసి, “తెఱచినప్పుడు పంపెదను” అనెను.

ఆ దినములలో వానికొక చరవాణి కొనిపెట్టుటకు మన విద్యానిధిని అడుగుదమని తలచితిని. నిబంధనలు చూడగా రెండు ఆటంకములు కనబడెను. మొదటిది, మార్కులు చూపవలెను. ఆ యేడు మార్కులు లేవు. మఱుసటి యేడు, 2021 లో, పదవ తరగతి పరీక్షలును జరుగలేదు. రెండవది, బాలుడు మన కులమువాడు కాడు. అడుగకయే యూరకుంటిని. నా పింఛనులోనుండి కొంత యిచ్చితిని. అతడు 2023 లో డిగ్రీకళాశాలయందు వృక్షశాస్త్రము తీసికొని చేరెను.

మహాజనులారా! మన సంఘము వసతిగృహమును గట్టినది, పతకముల నిచ్చుచున్నది, అవి స్తుత్యములు. వానికి తోడు నా మనవి మూడు మాటలు. ఏటేట కొంత ద్రవ్యమును పిల్లలను చెఱువులకు, కొండలకు, కోటలకు గొనిపోవుటకు ప్రత్యేకింపుడు. అత్యధికమార్కులకిచ్చు పతకముతోపాటు, కన్నులార చూచి వ్రాసిన మంచి నోటుపుస్తకమునకు ఒక బహుమానము నేర్పఱుపుడు. ఆ యాత్రలో, ఆ బహుమానములో కులమడుగకుడు. ఆ గట్టుమీద దారి చూపినవాని కులమును మేమెవ్వరము నడుగలేదు.

పదము తెలిసి పదార్థము తెలియనివాడు సగము విద్వాంసుడు. అట్టి సగమువిద్యతో నేను ముప్పదియైదేండ్లు జీతము పుచ్చుకొంటిని. మీ బిడ్డలకు ఆ కొఱత రాకుండుగాక!