క్లస్టర్ల మన చేతులకు జాగ ఏది?

(ఎడపల్లి సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



క్లస్టర్ అనే మాట అధికారుల నోట తరచు వింటున్నం. ఒకే తీరు చిన్న పరిశ్రమలను ఒక తావుల కూర్చి, అందరికీ కలిపి యంత్రశాల, పరీక్షశాల కట్టిస్తరు. పక్కపక్కన ఉంటే ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటరు, కొత్త పద్ధతులు, కొత్త సరుకులు పుడుతయి అంటరు. నిజమేనా?

మన దగ్గర జరిగిందే చూడుండ్రి. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టుడయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టిండ్రు. నీళ్లు, చెరుకు, రైలు, ఫ్యాక్టరీ అన్నీ ఒక్క తావునే. అరిగిన రోలరు సరిచేసే ఫిట్టరు, పాకం చూసి గింజ కట్టిందని చెప్పే కార్మికుడు ఇక్కడ తయారయిండ్రు. కానీ ఆ పనితనానికి జీతమే దక్కింది, పెత్తనం దక్కలేదు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు అప్పజెప్పిండ్రు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డది. పనితనం కూడా చెల్లాచెదరైంది.

ఇప్పుడు పసుపు వంతు. 2025 జనవరిలో నిజామాబాద్‌ల జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మంచిదే. కానీ పసుపు తవ్వుడు, ఏరుడు, ఆరబోసుడు చేసేటోళ్లల్ల మన ఆడోళ్లు ఎందరు లేరు? కట్టెలు తక్కువ పట్టేటట్టు ఎట్ల ఉడకబెట్టాలె, రంగు పోకుండ ఎట్ల ఆరబెట్టాలె అన్నది పని చేసేటోళ్లకే ముందు తోస్తది. ఆ ఉపాయాన్ని యంత్రం చేసే లేతు మిషను, కుర్కుమిన్ ఎంతుందో చెప్పే పరీక్ష వాళ్లకు అందాలె. అందకపోతే ఆ క్లస్టర్ షెడ్లున్నోళ్లకే లాభం.

2014లో టీ-ప్రైడ్ కింద ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలకు పెట్టుబడి సబ్సిడీ ప్రకటించిండ్రు. సబ్సిడీ పరిశ్రమ నడిచినంక వచ్చేది. ముందుగాల పెట్టే పైసలకు బ్యాంకు తాకట్టు అడుగుతది. పట్టా లేనోడు ఏం తాకట్టు పెడుతడు? సరుకు చేసినా కొనేటోడు కావాలె గదా. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలని 2012 ఉత్తర్వు ఉన్నది.

భూమి మీద భారం తగ్గాలంటే పరిశ్రమలు రావాలని బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద రాసిన వ్యాసంల చెప్పిండ్రు. వచ్చిన పరిశ్రమల మనం కూలీలుగనే ఉండాలెనా?

అందుకే సంఘాలు మూడు అడగాలె. ఉమ్మడి యంత్రశాల మన సంఘాలకు గంట లెక్కన కిరాయికి ఇయ్యాలె. దాని కమిటీల పని చేసేటోళ్లు ఉండాలె. 4 శాతం కొనుగోలు లెక్క జిల్లాల వారీగా బయటపెట్టాలె. ఊరూర సంతకాలు తీసి జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోదాం.

జై భీమ్!