మా అమ్మ ‘ఏటి’ అంటుంది

ఈ రోజు పట్టాలు పుచ్చుకుంటున్న మీకు, వెనక వరసల్లోంచి ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్న మీ అమ్మానాన్నలకు నమస్కారం.

విశ్వవిద్యాలయాలకు రచయితలు వచ్చి వెళ్లడం మనకు కొత్త కాదు. రాధాకృష్ణన్ గారు ఉపకులపతిగా ఉండగా, 1933లో రవీంద్రనాథ్ టాగోర్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసాలిచ్చారు. అవి ‘మాన్’ అనే పుస్తకంగా వచ్చాయి. అంతటివారి మాట వినడం అదృష్టమే. అయితే రాయడం నేర్చుకోవాలంటే వింటే సరిపోదు. మన రాత చదివి, ఇదిగో ఇక్కడ కుంటింది అని చెప్పేవాళ్లు కావాలి.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఆ పనికే 1936లో రైటర్స్ వర్క్‌షాప్ పెట్టింది. అక్కడ ఒకరి కథను తోటివాళ్లంతా చదివొచ్చి చర్చిస్తారు. 1967 నుంచి ఇతర దేశాల రచయితలనూ పిలిపించి కొన్ని వారాలు ఉంచుకుంటున్నారు.

1945లో జర్నలిజం చదవడానికని దక్షిణాది రాష్ట్రమైన జార్జియా నుంచి అక్కడికి ఓ అమ్మాయి వచ్చింది. వర్క్‌షాప్ నడిపే పాల్ ఎంగిల్ గదికి వెళ్లి ఏదో అడిగింది. ఆ యాస ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నారు. చివరికి కాగితమిచ్చి రాయమన్నారు. తాను జర్నలిస్టును కానని, వర్క్‌షాప్‌లో చేరవచ్చా అని రాసిందామె. ఆమె కథలు చూసి చేర్చుకున్నారు. ఆమే ఫ్లానరీ ఓకానర్. ఎంగిల్‌కి అర్థంకాని ఆ దక్షిణాది పలుకే ఆమె కథలకు ప్రాణమైంది.

మన దగ్గర రావిశాస్త్రి కథల్లో విశాఖ వీధుల మాట, నామిని కథల్లో చిత్తూరు పల్లె మాట అలాగే నిలిచాయి.

నా సంగతి వేరు. కాలేజీలో ‘ఏటి’ అన్నానని క్లాసంతా నవ్వింది. సాయంత్రానికల్లా ‘ఏమిటి’ అనడం నేర్చుకున్నాను. నా తొలి కథల్లో మా అమ్మ కూడా ‘ఏమిటి’ అనే అంటుంది. ఆ కథలు చదివించుకుని మా అమ్మ, “ఈవిడెవరు?” అంది. నా రాత మీద అంతకు మించిన విమర్శ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

మీలో చాలామంది హాస్టల్ గేటు దగ్గరే మీ మాట వదిలేసి లోపలికి వచ్చి ఉంటారు. వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి. ఈ రాత్రి ఒక్క పేజీ రాయండి, మీ పట్టా చూసి ఇంట్లోవాళ్లు ఏమన్నారో, అన్నది అన్నట్టే. రేపు దాన్ని వాళ్లకే చదివి వినిపించండి.